వెనుక బ్రేకుల చప్పుడు: సొంత పాలబండి ఉన్న సంఘాలకు ఒక పాఠం

ఈ పేజీలో దాణా, పొదుగువాపు, వెన్నశాతం గురించి చదవడానికి అలవాటుపడిన సభ్యులకు, ఈసారి బ్రేకుల పాఠమేమిటని అనిపించవచ్చు. మన ప్రాథమిక సంఘాలలో కొన్ని, కూలి బండ్ల బాధ పడలేక, పాత వాన్లను సెకండుహ్యాండులో కొని పాలక్యానులు తోలుకుంటున్నాయి. సభ్యులలో పలువురికి సొంతంగా పాత మారుతి కారో, ఆమ్నీ వానో ఉన్నది. మారుతి 800 తయారీ 2014లోను, ఆమ్నీ తయారీ 2019లోను ఆగిపోయాయి. కనుక ఇప్పుడు మన ఊళ్ళలో తిరిగేవన్నీ వయసు మళ్ళినవే. ఇంజను మొరాయిస్తే బండి ఇంటి దగ్గరే ఆగుతుంది, పాలు మరొక బండిలో పోతాయి. బ్రేకు మొరాయిస్తే ఏమవుతుందో మేము కళ్ళారా చూశాము. ఆ సంగతి ముందు చెప్పి, తరువాత పాఠంలోకి వెళ్ళగలము.

2012 వానాకాలంలో మా తనిఖీ పరిధిలోని ఒక సంఘం వాను, ఉదయం పాలతో కాలువగట్టు దిగి పెద్దరోడ్డు ఎక్కవలసి ఉన్నది. అందులో తొమ్మిది క్యానులున్నాయి. గట్టు దిగేటప్పుడు డ్రైవరు పెడలు నొక్కితే అది దాదాపు నేలదాకా దిగిపోయింది. హ్యాండ్ బ్రేకు లాగితే పిడి పైకంటా వచ్చింది గాని పట్టు లేదు. ముందు చక్రాల బ్రేకులు కొంత పట్టడంవల్ల వేగం తగ్గింది గాని బండి ఆగలేదు. రోడ్డు దాటి అవతలి గోతిలో తుమ్మచెట్టుకు తగులుకుని నిలిచింది. ఆ చెట్టుకు ఇవతల పది అడుగుల దూరంలో బడికి పోయే పిల్లలు బస్సు కోసం నిలబడి ఉన్నారు. డ్రైవరుకు మెడ ఎముక విరిగింది. మూడువందల అరవై లీటర్ల పాలు నేలపాలయినాయి.

మేము ఆసుపత్రికి వెళ్ళి పలకరించినప్పుడు అతడు అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉన్నది. "చప్పుడు ఆరునెలలనుంచీ ఉంది సార్. చెప్పాను. చెప్పినప్పుడల్లా వైరు బిగించి పంపారు."

అతడు చెప్పినది నిజము. ఆ సంఘం ఓచర్ల ఫైలు తిరగవేస్తే "బ్రేకు సరిచేయుట" అనే ఒకే మాటతో ఆరునెలల్లో మూడు బిల్లులు కనిపించాయి. మూడింటి పైనా మా సంతకం ఉన్నది. మొత్తం చిన్నది, రసీదు సరిగా ఉన్నది, పాలకవర్గం తీర్మానం ఉన్నది, కనుక పాస్ చేశాము. ఒకే మరమ్మతు మూడుసార్లు ఎందుకు జరిగిందని మేము అడగలేదు. పాలలో నీళ్ళు కలిపితే లాక్టోమీటరు ముంచకుండానే చూపుతో పోల్చగలమని గొప్పపోయే మాకు, మూడు బిల్లులలోని ఈ నీళ్ళు కనబడలేదు. డిప్లొమాలో యంత్రాల పాఠం చదివి పరీక్ష ప్యాసయిన వాళ్ళమే. ఆ తరువాత వెనుక డ్రమ్ములు విప్పించి దగ్గర కూర్చుని చూశాము. అక్కడ నేర్చుకున్నదే ఈ పాఠంలో ఎక్కువ భాగం.

ముందుగా లోపల ఏమున్నదో తెలియాలి. చక్రంతోపాటు తిరిగే పోతఇనుప గిన్నె డ్రమ్ము. దాని లోపల తిరగకుండా, బ్యాక్ ప్లేటు అనే రేకుపళ్ళెం మీద, కొడవలి వంపుగల రెండు షూలు ఎదురెదురుగా ఉంటాయి. షూ వీపుమీద లైనింగు అంటించి గాని రివెట్లతో బిగించి గాని ఉంటుంది. పెడలు నొక్కినప్పుడు బ్రేకు ఆయిలు ఒత్తిడితో వీల్ సిలిండరులోని పిస్టన్లు బయటికి జరిగి షూలను డ్రమ్ముకు అదుముతాయి. కాలు తీయగానే స్ప్రింగులు షూలను వెనక్కు లాగుతాయి. హ్యాండ్ బ్రేకు వైరు కూడా ఒక చిన్న మీట ద్వారా ఈ షూలనే కదిలిస్తుంది. అంటే కాలిబ్రేకుకు, చేతిబ్రేకుకు వెనుక చక్రాల దగ్గర షూలు ఒక్కటే. ఈ ఒక్క ముక్క గుర్తుంటే సగం పాఠం వచ్చినట్లే.

ఖాళీ కారులో బ్రేకు పని ఎక్కువ భాగం ముందు చక్రాలదే. అందుచేత వెనుక షూలు చాలాకాలం మన్నుతాయి, మనం వాటిని మరచిపోతాము. పాలబండి సంగతి వేరు. నలభై లీటర్ల క్యాను నిండితే పాలే 41 కిలోల పైచిలుకు. పది క్యానులంటే నాలుగు క్వింటాళ్ళు దాటింది, అదంతా వెనుక ఇరుసు మీదనే. వేగం రెట్టింపయితే బ్రేకు మింగవలసిన శక్తి నాలుగు రెట్లవుతుంది. పాలు చెడిపోకముందే చేరవేయాలన్న తొందరలో మన డ్రైవర్లు బండిని పరుగెత్తిస్తారు. వారిని తప్పు పట్టే ముందు, ఆలస్యమైతే పులిసిన పాల నష్టం ఎవరి ఖాతాలో రాస్తున్నామో పాలకవర్గం వారు ఆలోచించుకోవాలి.

ఇక చప్పుళ్ళు. చప్పుడు విన్నవెంటనే మెకానిక్కు దగ్గరకు పరుగెత్తనవసరం లేదు, అట్లని రేడియో పెంచి ఊరుకోనూ కూడదు. అది ఎప్పుడు వస్తున్నది, ఎట్లా వస్తున్నది, ఏ చక్రంలో వస్తున్నది అని మూడు సంగతులు గమనించాలి.

ముందు చక్రాలా, వెనుక చక్రాలా అని తేల్చుకునే ఉపాయం సులువు. ఎవరూ లేని సమతలపు ఖాళీ స్థలంలో, బండిని మనిషి పరుగు వేగానికి మించకుండా పోనిచ్చి, హ్యాండ్ బ్రేకు బటను నొక్కి పట్టుకునే పిడిని మెల్లగా లాగి చూడండి. ఇది వెనుక షూలను మాత్రమే కదిలిస్తుంది. ఇప్పుడు అదే చప్పుడు వస్తే తప్పు వెనుకనున్నది. కాలిబ్రేకుతోనే వచ్చి దీనితో రాకపోతే ముందు చక్రాలు చూడాలి. బటను వదలి ఒక్కసారిగా లాగితే వెనుక చక్రాలు బిగిసి బండి అడ్డం తిరుగుతుంది, జాగ్రత్త.

రాత్రి మంచులోనో వానలోనో నిలబెట్టిన బండి తెల్లవారి మొదటి రెండు మూడు బ్రేకులకు గరగరమని ఆ తరువాత మానేస్తే భయం లేదు. అది డ్రమ్ము లోపల పట్టిన పలుచని తుప్పు, రాపిడికి పోతుంది. మన బండ్లకు ఇంకొక సంగతి కూడా ఉన్నది. క్యానులు దింపిన తరువాత రోజూ పైపుతో బండి కడుగుతాము. నీళ్ళు డ్రమ్ములలోకి పోతే మొదటి కొద్దిదూరం బ్రేకు జారుతుంది. కడిగిన వెంటనే బయలుదేరితే, ఖాళీ రోడ్డుమీద మెల్లగా పోతూ పెడలును తేలికగా కొంతసేపు ఒత్తిపట్టి, ఆ వేడికి తడి ఆరనివ్వాలి. పైపునీళ్ళు చక్రాల లోపలివైపుకు గురిపెట్టకుండా ఉంటే ఈ బాధే ఉండదు.

తేలికగా నొక్కినప్పుడు కీచుమని సన్నగా అరిచి, గట్టిగా నొక్కితే ఆగిపోయే చప్పుడు చాలావరకు లోపల చేరిన దుమ్ముది, లేదా వేడికి లైనింగు పైపొర అద్దంలా నునుపెక్కడంవల్ల వచ్చేది. విప్పి శుభ్రం చేయిస్తే చాలామటుకు పోతుంది. నొక్కి వదిలినప్పుడు తలుపు బందులవలె కిర్రుమంటే, షూ అంచులు బ్యాక్ ప్లేటు మీద ఆనేచోట్ల గ్రీజు ఆరిపోయి ఉంటుంది. ఆ ఆనికలమీద వేడికి ఆగే గ్రీజును అగ్గిపుల్ల తలకాయంత మాత్రమే పెట్టాలి. ఎక్కువ పెడితే కరిగి లైనింగుకు పాకుతుంది.

ఇనుము మీద ఇనుము రాకినట్లు బొరబొరమని, కాలికి కూడా తెలిసేటట్లు వస్తే ఇక ఆలోచించవద్దు. లైనింగు అయిపోయి రివెట్లో, షూ రేకో డ్రమ్మును కోస్తున్నాయన్నమాట. ఆ బండిని ఆ రోజునుంచే పాలకు పంపకూడదు. పాత సభ్యులకు ఒక హెచ్చరిక: ఈ చప్పుడు కొన్నాళ్ళకు తగ్గినట్లు అనిపిస్తుంది. బ్రేకు బాగుపడి కాదు, డ్రమ్ములో గాడి పడి రివెట్లు అందులో కుదురుకున్నందువల్ల. మేము చెప్పిన వానులో ఎడమ డ్రమ్ము అట్లాగే ఉన్నది. వేలు పెడితే గోరు దిగే గాడులు!

చక్రం తిరిగినప్పుడల్లా ఒక్కొక్కసారి టక్కుమంటూ, బ్రేకు నొక్కినప్పుడు పెడలు కాలికింద లేస్తూ పడుతూ ఉంటే డ్రమ్ము గుండ్రదనం పోయి ఉండవచ్చు. హ్యాండ్ బ్రేకుతోనూ అదే కుదుపు వస్తే మరీ అనుమానించాలి. బ్రేకుతో సంబంధం లేకుండా, వేగంతోపాటు పెరిగే గుయ్ అనే మోత బ్రేకుది కాదు, బేరింగుది. దానికోసం షూలు మార్చి డబ్బు పారవేసుకోవద్దు.

చప్పుడు లేకుండా జరిగే చెరుపు ఇంకా ప్రమాదం. పెడలు చాలా కిందికి దిగి, వెంటవెంటనే రెండు మూడుసార్లు నొక్కితే పైకి వస్తున్నదా? షూలు అరిగి డ్రమ్ముకు దూరమైనాయి. ఎన్నిసార్లు నొక్కినా దూదిమీద కాలు వేసినట్లున్నదా? గొట్టాలలో గాలి చేరింది. గట్టిగా నొక్కి పట్టుకుంటే కాలికింద మెల్లగా దిగిపోతున్నదా? మాస్టర్ సిలిండరు లోపల గాని, ఎక్కడో బయటికి గాని ఒత్తిడి పోతున్నది. ఈ మూడో లక్షణం కనిపించిన బండిని కదపనే కూడదు. డబ్బాలో బ్రేకు ఆయిలు మట్టం లైనింగులు అరిగే కొద్దీ కొంచెం తగ్గడం సహజం. మాటిమాటికీ పోయవలసి వస్తుంటే మాత్రం అది కారుతున్నదనే అర్థం.

అయిదారు కిలోమీటర్లు తోలి వచ్చిన తరువాత చేతి వెనుకభాగాన్ని ఒక్కొక్క వెనుక చక్రానికి దగ్గరగా పెట్టి చూడండి. తాకవద్దు, కాలుతుంది. ఒకటి మాత్రం సెగలు కక్కుతుంటే అక్కడ షూ వదలడం లేదు. స్ప్రింగు బలం తగ్గి ఉండవచ్చు, హ్యాండ్ బ్రేకు వైరు తొడుగులో తుప్పుపట్టి ఉండవచ్చు, సిలిండరు బిగిసి ఉండవచ్చు. ఒకటి మాత్రం చల్లగా ఉంటే అక్కడ షూ అసలు పట్టడమే లేదు. బ్రేకు వేసినప్పుడు బండి ఒకవైపు లాగడానికి ఇదీ ఒక కారణమే.

ఇప్పుడు మా మూడు ఓచర్ల సంగతి. హ్యాండ్ బ్రేకు పిడి పైకి వస్తున్నదంటే చాలామంది చేసేది వైరు బిగించడం. అయిదు నిమిషాల పని, ఆ రోజుకు పిడి కిందనే పట్టుకుంటుంది, అందరూ సంతోషిస్తారు. అయితే పిడి పైకి రావడానికి అసలు కారణం షూలు అరగడం. ఇటీవలి పాతకార్లలో చాలావాటికి, షూ అరిగేకొద్దీ ఎడం తనంతట తానే సరిచేసుకునే పళ్ళమీట లోపల ఉంటుంది. వైరు అతిగా బిగిస్తే లోపలి మీట తన స్థానానికి పూర్తిగా వెనక్కు రాలేదు, దానితో ఆ సరిచేసుకునే ఏర్పాటు పనిచేయడం మానేస్తుంది. అంటే వైరు బిగించడంవల్ల జబ్బు దాగి, మందు కూడా ఆగిపోతుంది. అంబాసిడర్ వంటి అంతకుముందరి కార్లలో ఎడాన్ని చేత్తో సరిచేయాలి. రెంటిలోనూ వరుస ఒక్కటే: ముందు షూల సంగతి, చివర వైరు సంగతి. మా వానులో వైరు మర చివరిదాకా బిగించి ఉన్నది. అరిగిన షూలు, గాడిపడిన డ్రమ్ము, ఈ రెండింటివల్ల పెరిగిన ఎడం పూడ్చడానికి ఎడమ సిలిండరు పిస్టను ఉండవలసినదానికంటె బయటికి వచ్చి, రబ్బరు కప్పు అంచు దాటి, ఆ ఉదయం బ్రేకు ఆయిలు వదిలివేసింది. ఇదంతా ఆరునెలలపాటు చప్పుడు రూపంలో బండి మాకు చెప్పుతూనే ఉన్నది.

డ్రమ్ము విప్పి చూడడం తెలిసిన మెకానిక్కు పని. అయినా సంఘం తరపున ఒకరు దగ్గర ఉండాలి. బండి సమతలం మీద ఉండాలి. వెనుక డ్రమ్ములు విప్పేటప్పుడు హ్యాండ్ బ్రేకు వదిలివేయవలసి ఉంటుంది కనుక ముందు చక్రాలకు రెండువైపులా గట్టి దిమ్మలు పెట్టాలి. ఒట్టి జాకీ మీద నిలబడిన బండి పక్కన కూర్చోవద్దు. స్టాండ్లు ఉండాలి. ఇటుకలు పేర్చడం మన గ్యారేజీలలో చూస్తూనే ఉంటాము, ఇటుక చెప్పకుండా పగులుతుంది.

డ్రమ్ము అంచున మెట్టు ఏర్పడితే షూలకు తట్టుకుని ఊడిరాదు. సుత్తితో బాదితే పోతఇనుము పగలవచ్చు. ఎడం సరిచేసే ఏర్పాటును వెనక్కు తిప్పి షూలను దగ్గరకు రానివ్వాలి. చాలా డ్రమ్ములకు రెండు మరకన్నాలు ఉంటాయి, వాటిలో సరిపడే బోల్టులు సమంగా బిగిస్తూ పోతే డ్రమ్ము తనంతట వస్తుంది. డ్రమ్ము తీసి ఉన్నప్పుడు ఎవరూ పెడలు నొక్కకుండా చూడాలి. నొక్కితే పిస్టన్లు ఊడి బయటపడతాయి.

లోపలి నల్లదుమ్మును నోటితో ఊదడం, గాలిపైపుతో ఎగరగొట్టడం చేయవద్దు, చేయనివ్వవద్దు. పాత లైనింగులలో ఆస్బెస్టాస్ నార కలిపేవారు, ఆ నుసి ఊపిరితిత్తులలో చేరితే ఏళ్ళు గడిచిన తరువాత క్యాన్సరుకు కూడా దారితీస్తుంది. లైనింగు ఏ కాలందో మనకు తెలియదు కనుక అన్నింటినీ అదే భయంతో చూడాలి. ముక్కుకు మాస్కు కట్టి, దుమ్మును తడిపి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో మూటకట్టి పారవేయాలి. ఆ పని చేసిన బట్టలతో ఇంటికి వెళ్ళి పిల్లలను ఎత్తుకోవద్దు.

రివెట్ల లైనింగయితే రివెట్ల తలలపైన ఇంకా ఎంత మందం ఉన్నదో చూడాలి. ఒక మిల్లీమీటరుకు వచ్చిందంటే మార్చవలసిందే. అంటించిన లైనింగులో ఎక్కడైనా సరే రెండు మిల్లీమీటర్లకు తగ్గితే మేము మార్చమనే చెప్పుతాము, పాలబరువు మోసే బండికి అంతకంటె పొదుపు పనికిరాదు. డ్రమ్ముకు గరిష్ఠ వ్యాసం ఎంతో సాధారణంగా దానిమీదనే పోతపోసి ఉంటుంది. లేతు మిషను మీద తీయించినా ఆ అంకె దాటకూడదు. దాటిన డ్రమ్ము పాత ఇనుము కిందికే.

సిలిండరు రబ్బరు తొడుగు అంచును కొంచెం ఎత్తిచూడండి. లోపల తడి ఉంటే కప్పులు పోయినాయి. షూమీద తడి ఉన్నప్పుడు అది ఏ నూనె అన్నది తెలుసుకోవాలి. బ్రేకు ఆయిలు పలుచగా ఉండి నీళ్ళతో కడిగితే పోతుంది. ఆమ్నీ, అంబాసిడర్ల వంటి, వెనుక చక్రాలకు బలం వెళ్ళే బండ్లలో ఇరుసు ఆయిల్ సీలు పోతే చిక్కని గేరాయిలు ఘాటువాసనతో వస్తుంది. మారుతి 800లో వెనుక ఇరుసుకు గేరాయిలే లేదు. మా వాను కుడి షూల లైనింగు మందం బాగానే ఉన్నది, కాని గేరాయిలులో నానిపోయి ఉన్నది. నానిన లైనింగును పెట్రోలుతో కడిగి, మంటలో కాల్చి తిరిగి వేస్తామనే మెకానిక్కులున్నారు. అది లోపలిదాకా పీల్చుకుంటుంది, వేడెక్కగానే మళ్ళీ పైకి ఊరుతుంది. సీలు మార్చాలి, షూలూ మార్చాలి. సీలు మార్చకుండా కొత్త షూలు వేస్తే నెలలో మళ్ళీ అదే కథ.

రబ్బరు కప్పులను కిరోసిను, పెట్రోలు, ఇంజనాయిలు తగలనివ్వకూడదు, అవి ఉబ్బిపోతాయి. మూతపై రాసిన రకం బ్రేకు ఆయిలునే, సీలు తీయని డబ్బానుంచి పోయించాలి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక నిరుడు సగం వాడి మిగిల్చిన డబ్బా పనికిరాదు.

షూలు ఎప్పుడూ రెండు చక్రాలకూ కలిపి మార్చాలి. ఒకవైపుకు మాత్రం మార్చితే బండి పక్కకు లాగుతుంది. కాని రెండువైపులా ఒకేసారి విప్పి పెట్టవద్దు. స్ప్రింగులు ఏది ఎక్కడ తగిలించాలో మరచిపోతే, విప్పని రెండోవైపే మాదిరిగా పనికివస్తుంది.

ఇక కార్యదర్శులు తమ భాగం చేయాలి. లాగ్ బుక్కులో కిలోమీటర్లు, పెట్రోలుతోపాటు "డ్రైవరు చెప్పినది" అని ఒక గడి గీయండి. చప్పుడని చెప్పితే తేదీతో రాయండి, దానికి ఏమి చేశారో పక్కన రాయండి. "బ్రేకు సరిచేయుట" అన్న బిల్లును ఇప్పుడు మేము పాస్ చేయడం లేదు. ఏ చక్రం, ఏ భాగం, లైనింగు ఎంత మిగిలింది అన్నది బిల్లుమీద ఉండాలి, మార్చిన పాత భాగాలు గోనెసంచిలో సంఘం ఆఫీసులో ఉండాలి. మేము వచ్చినప్పుడు ఓచరుతోపాటు ఆ సంచీ అడుగుతాము. ఇందువల్ల ఒకరిద్దరు కార్యదర్శులకు మామీద కోపం వచ్చిన మాట నిజమే.

కొత్త షూలు వేయించిన తరువాత గాలి తీయించి, పెడలు గట్టిగా నిలుస్తున్నదో లేదో బండి కదలకముందే చూడాలి. చక్రాన్ని చేత్తో తిప్పితే లైనింగు సన్నగా రాకీరాకనట్లు తగలవచ్చు, బిగిసిపోకూడదు. యాభై కిలోమీటర్లు తిరిగిన తరువాత చక్రాల నట్లు మరొకసారి బిగించాలి. లైనింగు డ్రమ్ముకు ఒదిగేదాకా, రెండు మూడు వందల కిలోమీటర్లు, సాధ్యమైనంత తక్కువ క్యానులతో తోలాలి. ఆ వారం మిగిలిన పాలకు కూలిబండి మాట్లాడుకుంటే ఆ ఖర్చు రవాణా పద్దులో రాయవచ్చు, మేము అభ్యంతరం పెట్టము.